గాలి తగ్గాక బయల్దేరదాం

ఆ ఏడాది అక్టోబరులో మా అక్క ఆర్డిస్ ఫోన్ చేసి, అరవై ఎనిమిదేళ్ళ వయసులో తను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పింది. నేను పొయ్యి దగ్గర ఆపిల్ గుజ్జు కలుపుతున్నాను. గరిటె జారి గిన్నెలో మునిగిపోయింది.

"ఎవర్నక్కా?"

"లాయిడ్‌ని. చెప్పాను కదే, కెనడా ఆయన, అకార్డియన్ వాయిస్తాడని. మా పార్కులో నా బండికి మూడో బండి."

"పొద్దున్నే వాయించి నిద్ర చెడగొడుతున్నాడని తిట్టేదానివి!"

"అందుకే మరి. పెళ్ళి చేసుకుంటే ఎప్పుడు వాయించాలో నేను చెప్పచ్చు."

బావ పోయాక అక్క ప్రతి చలికాలం మంచం, పొయ్యి అన్నీ ఉన్న తన మోటార్‌హోమ్ వేసుకుని అరిజోనాలో యూమాకి పోతుంది. మంచు పడే ఊళ్ళనుంచి అలాంటి బండ్లలో వచ్చిన పెద్దవాళ్ళు వందలమంది అక్కడ బండ్ల పార్కులో ఎండ కాచుకుంటూ ఉంటారు. పెళ్ళి అక్కడే, ఫిబ్రవరి పధ్నాలుగున.

"నువ్వు నా పక్కన నిలబడాలి" అంది అక్క. "గేలన్‌ని కూడా తీసుకురా. ఈసారి మంచు పేరు చెప్పి తప్పించుకోడానికి లేదుగా, రిటైరయ్యాడు."

గేలన్ మా ఆయన. మిన్నెసోటాలో మా జిల్లా రోడ్ల మీద ముప్పై ఒక్క చలికాలాలు మంచు తోసే ట్రక్కు నడిపాడు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అతను నాకు మొగుడు కాదు, ఏడో నంబరు రోడ్డుకి మొగుడు. క్రిస్మస్ నాడు అతని పళ్ళెం ఎప్పుడూ ఓవెన్‌లోనే ఉండేది. మాకూ ఒక మోటార్‌హోమ్ ఉంది గానీ అది వేసవిలో చెరువుల దగ్గరికి తప్ప ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. సెప్టెంబరులో గ్యారేజీ వాళ్ళు అతనికి కేకు కోసి, తాళాలు తీసుకుని పంపేశారు. అంతకుముందు మేలో నేను బడి వంటగదిలో ఉద్యోగం మానేశాను. ఇద్దరం కలిసి గడపబోయే మొదటి చలికాలం అది. నాకైతే అక్క పెళ్ళికంటే ఆ సంగతే ఎక్కువ సంబరంగా ఉండేది.

అక్క మాట చెప్పగానే గేలన్ పెద్ద మ్యాపు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. నవంబరంతా మేము సోఫాలో కూర్చునే తిన్నాం.

"తిన్నగా పోతే నెబ్రాస్కా, కొలరాడో. కానీ ఫిబ్రవరిలో ఆ కొండలెక్కించడానికి నాకు పిచ్చి లేదు" అన్నాడు వేలితో గీత గీస్తూ. "ముందు కిందికి దిగాలి. కేన్సస్ సిటీ, ఓక్లహోమా, టెక్సాస్. అక్కణ్ణించి పడమటికి. దూరం ఎక్కువే, కానీ మంచు తొందరగా వదిలిపోతుంది. తుపాను వెళ్ళిన రెండో రోజు బయల్దేరితే, ఇంకోటి వచ్చేలోపల మనం కింద ఉంటాం."

"సరే."

"బండి గొట్టాల్లో నీళ్ళుండవు. గడ్డకట్టి పగిలిపోతాయి. తాగడానికి క్యాన్లు పెట్టుకుందాం. టెక్సాస్ దాకా అంతే."

"మరి స్నానం?"

"టెక్సాస్‌లో."

"పెళ్ళికూతురి చెల్లెల్ని, కంపు కొట్టుకుంటూ దిగమంటావా?"

"టెక్సాస్ దాకా నిన్ను వాసన చూసేవాణ్ణి నేనొక్కణ్ణేగా. నాకేం అభ్యంతరం లేదు."

ఆ నవంబరు అలా నవ్వుకుంటూ గడిచిపోయింది. నేను నీలిరంగు గౌను కుట్టించుకున్నాను. గేలన్ ఏ ఊళ్ళో డీజిలు పోయించాలో, ఎక్కడ ఆగి పడుకోవాలో, ఎక్కడ తుపాను వస్తే పెద్దరోడ్డుకి రైల్వే గేటులాంటి గేటు వేసేస్తారో అన్నీ మ్యాపు మీద రంగు పెన్సిళ్ళతో గుర్తులు పెట్టాడు. జనవరి ఇరవైన బయల్దేరాలి. దారిలో తీరిగ్గా ఆగుతూ పోదామనుకున్నాం.

జనవరి ఇరవైన మంచు లేదు.

"వెళ్ళచ్చు. కానీ వెనకే ఇంకో తుపాను వస్తోంది, మనల్ని అయోవాలో పట్టుకుంటుంది" అన్నాడు. అది రాలేదు. పైకి, కెనడా వైపు తిరిగిపోయింది.

ఇరవై అయిదున ఓక్లహోమాలో రోడ్ల మీద గాజుపలకలా ఐసు కట్టిందని చెప్పాడు. అది నిజమే. నేనూ టీవీలో చూశాను. ఇరవై తొమ్మిదిన ఎండ విరగకాసింది. చెట్టు మీంచి మంచు చుక్కలు చుక్కలుగా కారుతోంది. నేను బట్టలు సర్దిన పెట్టె తలుపు దగ్గర పెట్టాను.

"గాలి తగ్గాక బయల్దేరదాం" అన్నాడు.

"గాలెక్కడుంది? ఆ జెండా చూడు, తడిగుడ్డలా వేలాడుతోంది."

"ఇక్కడ కాదు. కేన్సస్‌లో. అంత ఎత్తు బండిని పక్కగాలి కొడితే గుంటలోకి తోసేస్తుంది."

"కేన్సస్‌లో గాలి లేని రోజు ఎప్పుడుంది గేలన్? దేవుడు కేన్సస్‌ని పుట్టించిందే గాలి ఆడుకోడానికి."

అతను నవ్వాడు గానీ మ్యాపు దగ్గర్నుంచి లేవలేదు.

ఆ ఆదివారం చర్చి కింద గదిలో కాఫీలు తాగుతుంటే లెరోయ్ హాగెన్ నా పక్కన కూర్చున్నాడు. లెరోయ్, గేలన్ చిన్నప్పట్నుంచీ స్నేహితులు. అతని పొలంలో పెద్ద షెడ్డుంది. చలికాలం ఊళ్ళోవాళ్ళ పడవలు, బండ్లు అందులో పెట్టించుకుంటాడు. మా బండీ ఏటా అక్కడే ఉంటుంది.

"మార్లిస్, మీరు అరిజోనా వెళ్తున్నారా, లేక వెళ్తున్నామని చెప్పుకుంటున్నారా?" అన్నాడు.

"అదేం మాట?"

"మీ బండి వెనక గోడకి ఆనుకుని ఉంది. దాని ముందు నా హార్వెస్టర్, నాలుగు పడవలు, పాస్టరు గారి క్యాంపరు, ఆ చేప."

చేప అంటే మా ఊరి జూలై ఊరేగింపులో లాక్కెళ్ళే ఫైబర్ చేప. చిన్న బస్సంత ఉంటుంది.

ఆ షెడ్డు పద్ధతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. ముందు పెట్టిన బండి అన్నిటికంటే వెనక్కి పోతుంది. వసంతంలో అన్నిటికంటే ఆఖర్న బయటికొస్తుంది. మధ్యలో ఎవరికైనా బండి కావాలంటే అక్టోబరు చివర్న, అందరూ పెట్టాక తలుపు దగ్గర పెట్టుకుంటారు.

"నేను చెప్పాను కూడా" అన్నాడు లెరోయ్. "ఒరే గేలన్, జనవరిలో తియ్యాలన్నావు కదరా, చివర్న తీసుకురా అని. తల ఊపాడు. ఊపుతూనే లోపలికి నడిపించుకుని పోయాడు."

ఇంటికి తిరిగొస్తూ కారులో అడిగాను.

"ఎప్పుడూ అక్కడే పెడతాగా" అన్నాడు గేలన్.

"ఏప్రిల్ దాకా కదలనివాళ్ళు పెట్టే చోటది."

మా వీధి మలుపు తిరిగాక అన్నాడు. "కావాలని కాదు మార్లిస్. చేతులు అటే తిప్పాయి."

అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. చెప్పినా బాగుండేది, కాసేపు పోట్లాడుకునేవాళ్ళం.

మర్నాడు విమానం టికెట్ కొన్నాను. సాయంత్రం మాంసం మీద బంగాళాదుంపలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ వడ్డించి చెప్పాను.

"సూ ఫాల్స్ ఎయిర్‌పోర్టు నుంచి. పదకొండో తేదీ. ఒక్కటే కొన్నాను."

అతను ఫోర్కు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"మంచిపని చేశావు. విమానమైతే భద్రం."

నేనూ వస్తాను అంటాడేమోనని చూశాను. ఉప్పు అడిగాడు. అందించాను. అక్కకి ఫోన్ చేసి చెప్తే, "వాణ్ణి వాడి మంచుకే వదిలెయ్యి. నువ్వు రా, ఇక్కడ డ్యాన్సు చెయ్యడానికి ముసలాళ్ళకి కరువేం లేదు" అంది. నవ్వాను. ఫోన్ పెట్టేశాక నీలిరంగు గౌను మళ్ళీ చిన్న పెట్టెలోకి సర్దాను. విమానంలో పెద్ద పెట్టె పట్టదు.

ఫిబ్రవరి మూడున తుపాను వచ్చింది. కిటికీలోంచి ఎదురింటి వాకిలి కూడా కనిపించలేదు. గేలన్ పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, వెళ్ళాల్సిన చోటేమీ లేక, వంటింట్లో కూర్చున్నాడు. మా ఫ్రిజ్ మీద స్కానర్ ఉంటుంది. జిల్లా రోడ్ల ట్రక్కుల వాళ్ళు, పోలీసులు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునే మాటలు అందులో వినిపిస్తాయి. ఈ ప్రాంతంలో సగం ఇళ్ళలో ఉంటుంది. రిటైరయ్యాక గేలన్ దాన్ని ఆపిందే లేదు.

ఏడో నంబరు రోడ్డు ఇప్పుడు కాసీ అనే అమ్మాయిది. ఇరవై ఆరేళ్ళది. అంతకుముందు ధాన్యం లారీలు తోలేది. కిందటి చలికాలం గేలనే రెండు నెలలు పక్కన కూర్చుని నేర్పించాడు.

"ఎంగెబ్రెట్సన్ మలుపు దగ్గర ఆగిపోయాను. నా తల ఎత్తున మంచు పేరుకుంది. వెనకాల పాల ట్యాంకరుంది" అంది కాసీ స్కానర్‌లో.

"వెనక్కి రా. వంద గజాలు వెనక్కొచ్చి స్పీడుగా కొట్టు" అన్నాడు గేలన్ ఫ్రిజ్‌తో.

"నీ మాట ఫ్రిజ్‌కీ వినిపించదు, ఆ పిల్లకీ వినిపించదు" అన్నాను బ్రెడ్డు కాలుస్తూ.

"ఒకసారి కొట్టి చూశాను, పోలేదు" అంది కాసీ. "నేను దిగువ మట్టిరోడ్డు మీంచి చుట్టూ తిరిగి పడమటి నుంచి వస్తాను. ట్యాంకరుని కదలొద్దని చెప్పండి."

"పిచ్చిపిల్ల!" గేలన్ లేచి నిలబడ్డాడు. "ఆ చుట్టు తిరిగేసరికి ఇంకో అడుగు పడుతుంది. ఎవరు చెప్పారు దానికి?"

కోటు తీసుకోడానికి తలుపు దాకా వెళ్ళాడు. ట్రక్కు లేదని అక్కడ గుర్తొచ్చింది. కోటు చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. స్కానర్‌లో వేరేవాళ్ళెవరో రోడ్ల మీద చల్లే ఉప్పు గురించి మాట్లాడుకున్నారు. బ్రెడ్డు మాడిపోయింది, మళ్ళీ వేశాను. రెండోసారి వేసిందీ చల్లారిపోయింది.

"దారైంది" అంది కాసీ గొంతు. "ఒక్క ఊపులో పోయింది. ట్యాంకరు వెళ్తోంది."

గేలన్ కోటు కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాడు.

"గాలి వాయవ్యం నుంచి" అన్నాడు కాసేపటికి. "అటు నుంచి వస్తే తోసిన మంచుని గాలే మోసుకుపోతుంది. ఇటు నుంచైతే తోసిందంతా మళ్ళీ మీదికే వస్తుంది."

"నువ్వెటు నుంచి తోసేవాడివి?"

"ఇటు నుంచే. గ్యారేజీ ఇటుంది కదా."

"ముప్పై ఒక్క ఏళ్ళూ?"

"ముప్పై ఒక్క ఏళ్ళూ గాలికి ఎదురు తోశాను మార్లిస్." ముందు మీసంలో నవ్వాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. చల్లారిన బ్రెడ్డుకి వెన్న రాసుకుని మొత్తం తిన్నాడు. చేతులు తుడుచుకుని ఫోను తీశాడు.

"లెరోయ్, నా బండి బయటికి తియ్యాలి."

అవతల లెరోయ్ నవ్వు బల్లకి ఇటువైపున్న నాకు కూడా వినిపించింది. "ఇవాళా? కిటికీలోంచి బయటికి చూశావా?"

"ఎల్లుండి."

"హార్వెస్టర్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది."

"నాది తెస్తాను."

"చేపని ఎక్కడ పెట్టమంటావు?"

"బయట పెట్టు. చేపేగా, దానికి చలేమిటి?"

విమానం టికెట్ ఊసు ఇద్దరం ఎత్తలేదు. కానీ ఆ మధ్యాహ్నం చిన్న పెట్టెలోంచి గౌను తీసి మళ్ళీ పెద్ద పెట్టెలో పెట్టాను.

ఎల్లుండికి ఎండ వచ్చింది. సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద. లెరోయ్ షెడ్డు ముందు సగం ఊరుంది. పాస్టరు గారు తన క్యాంపరు తనే లాగుతానని పట్టుబట్టి గుంటలో దింపారు. ఆయన్ని ట్రాక్టరుతో లాగారు. పడవలన్నీ మంచు మీద వరసగా పెడితే పొలం రేవులా కనిపించింది. చేప బయటికి వచ్చేసరికి అందరూ టోపీలు తీసి చప్పట్లు కొట్టారు.

"ఏరా గేలన్, ఇంతమందిని ఇంత కష్టపెట్టాక గాలి ఉందని ఆగిపోతే, నిన్ను ఆ చేప నోట్లో పెట్టి తలుపేస్తా" అన్నాడు లెరోయ్.

"గాలి ఉంది" అన్నాడు గేలన్.

అందరూ ఒక్కసారి ఆగారు.

"దక్షిణపు గాలి. డీజిలు కాస్త ఎక్కువ తాగుతుందంతే."

అప్పుడే కాసీ వచ్చింది. నారింజరంగు ట్రక్కుని షెడ్డు వాకిట్లోకి తిప్పి, చేప చుట్టూ జాగ్రత్తగా మంచు తోసి, మా బండికి దారి చేసి, దిగింది. పొట్టిగా, బుగ్గలు ఎర్రగా, నోట్లో నములుతున్న గమ్ముతో ఉంది.

"బాస్, వెళ్తున్నారంట!"

"పడమటి నుంచి రావాలని నీకెవరు చెప్పారు?" అన్నాడు గేలన్.

"ఎవరూ చెప్పలేదండీ. జనవరిలో మీరు చెప్పినట్టు తూర్పు నుంచి కొట్టి రెండుసార్లు ఇరుక్కున్నా. మీకు చెప్తే బాధపడతారని ఊరుకున్నా."

చుట్టూ ఉన్నవాళ్ళంతా బూట్ల వంక చూసుకున్నారు. గేలన్ ఆమె భుజం మీద చెయ్యివేసి ఒక్క కుదుపు కుదిపాడు. అతను అంతకంటే మెచ్చుకోవడం నేను చూడలేదు.

"ఇంకోటి చెప్పాలి" అంది కాసీ నా వైపు తిరిగి. "గ్యారేజీలో పందెం నడుస్తోందండీ. బాస్ జిల్లా దాటరని అందరూ కాశారు. దాటతారని నేనొక్కదాన్నే. గెలిస్తే వాళ్ళు ఏప్రిల్ దాకా నా ట్రక్కు కడగాలి."

"ఓడితే?"

"నేను పదకొండు ట్రక్కులు కడగాలి. అందుకే రేపు మీ ముందు నేనే వెళ్తా. దాటడం నా కళ్ళతో చూడాలి."

మర్నాడు పొద్దున్న కాసీ ట్రక్కు ముందు, మేము వెనక బయల్దేరాం. అక్క కోసం కాల్చిన బంగాళాదుంప రొట్టెలు టవల్లో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకా వేడిగా ఉన్నాయి. ఏడో నంబరు రోడ్డు నున్నగా తోసి ఉంది. గేలన్ ప్రతి పొలం దగ్గరా ఏదో ఒకటి చెప్పాడు. ఇక్కడ ఒక దూడ దొరికింది, ఇక్కడ పెళ్ళివాళ్ళ కారు ఇరుక్కుంది, ఇక్కడ ఇంజను ఆగిపోయి ట్రక్కులో కూర్చుని పిప్పరమెంట్లు తిన్నాను అని. నేను వంటింట్లో కూర్చుని ఊహించుకున్న రోడ్డు ఇదేనా అనిపించింది. చలికాలంలో ఎప్పుడూ నేను ఆ రోడ్డు మీదికి రాలేదు.

జిల్లా సరిహద్దు దగ్గర ఆకుపచ్చ బోర్డు, పక్కన ట్రక్కులు తిరగడానికి వెడల్పు చేసిన చోటు ఉన్నాయి. కాసీ అక్కడ మంచు తోసే బ్లేడు పైకెత్తింది. మా జిల్లా ట్రక్కులన్నీ అక్కడే బ్లేడెత్తి వెనక్కి తిరుగుతాయి. అవతలి రోడ్డు అవతలి జిల్లావాళ్ళది. ఆమె చుట్టూ తిరిగి మాకు ఎదురుగా వచ్చి ఆగి, కిటికీ అద్దం దించింది.

మా బండిలో టిక్కు టిక్కుమని చప్పుడైంది. గేలన్ ఎడమవైపు సిగ్నలు వేశాడు.

అతని కాలు బ్రేకు మీద ఉంది. బండి నెమ్మదించి, మూతి ఆ వెడల్పు చోటు వైపు కొంచెం తిరిగింది. నేను రొట్టెల మూటని రెండు చేతులతో పట్టుకున్నాను. అతని ముఖం చూడలేదు. బోర్డు వైపు చూశాను.

టిక్కు టిక్కు.

"ఇక్కణ్ణించి నాది కాదు బాస్!" అని అరిచింది కాసీ.

"అవును" అన్నాడు గేలన్. అది ఆమెకి వినపడేంత గట్టిగా లేదు.

టిక్కు టిక్కు ఆగిపోయింది. స్టీరింగు నిటారుగా అయింది. ముందు చక్రాలు అవతలి జిల్లా మంచు మీదికి ఎక్కి గతుక్కుమన్నాయి. వెనకనుంచి కాసీ ట్రక్కు హారన్ మోత ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

"చూశావా?" అన్నాడు గేలన్ ఒక మైలు పోయాక. "ఇదా తోయడం? మధ్యలో మంచు గీత వదిలేశారు. బ్లేడు అరిగిపోయినట్టుంది. సిగ్గులేదా వీళ్ళకి?"

అయోవాలో ఉప్పు ఎక్కువేశారన్నాడు. నెబ్రాస్కా అంచున ఒక వంతెన మీద అసలు వెయ్యలేదన్నాడు. ఒకచోట బాగా తోసి ఉంటే, ఎవరై ఉంటారో అని చాలాసేపు ఆలోచించాడు. మిస్సోరీలోకి దిగి చాలాదూరం పోయాక మంచు పల్చబడి, గడ్డి కనిపించి, రోడ్డు పొడిగా నల్లగా అయిపోయింది. గేలన్ గొంతూ ఆగిపోయింది. ఫిబ్రవరిలో పొడి రోడ్డు మీద ఎలా కూర్చోవాలో తెలియనివాడిలా సీట్లో అటూ ఇటూ కదిలాడు.

"మార్లిస్, ఇప్పుడేం చూడాలి?"

"రోడ్డే చూడు" అన్నాను. "మధ్యమధ్యలో నన్ను."